ఆకుపచ్చ కొక్కెం

ఒంటేలు వస్తే కాజ్ ద్రోబా వెంటనే లేవడు. వంటింటి బల్ల దగ్గరే కూచుని, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, లోపల్లోపల లెక్కపెట్టుకుంటాడు. నిమిషానికో కారు. ఆరో కారు దాటాక లేస్తాడు. ఇంట్లో అడ్డుచెప్పేవాడెవడూ లేడు. పెళ్ళాం వాండా పోయి తొమ్మిదేళ్ళు. బాత్రూం తలుపు బార్లా తెరిచే ఉంటుంది. అయినా సరే, ముప్పై ఒక్క ఏళ్ళు కార్ల కార్ఖానాలో బిగబట్టడం మరిగిన ఒళ్ళు, ఎనభై రెండో ఏట మన మాట వింటుందా?

ఆ శనివారం పొద్దున నాలుగో కారుకే బయట హారన్ మోగింది. ఎమెట్ టాలివర్. పక్క వీధే. పాత దోస్తు, అంతకన్నా పాత పీడ.

"ఒరేయ్ కాజూ, పెళ్ళికొడుకులా ఆ ముస్తాబేంట్రా? మనం కార్లని చూస్తాం గానీ, కార్లు మనల్ని చూడవు!"

కాజ్ ఇస్త్రీ చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాడు. ఇవాళ పనుంది మరి.

డెట్రాయిట్ పక్కన వాళ్ళ కార్ఖానాలో కార్లు ఒకదాని వెనకొకటి కదిలొచ్చే లైను ఆగేది కాదు. ఎవడికి ఒంటేలొచ్చినా చెయ్యెత్తాలి. బదులు మనిషొచ్చి తన చోట నిలబడితేనే కదలాలి. కాజ్ పని, ఇంజను వెనక రేకుకి హీటరు పెట్టె బిగించడం. నాలుగు బోల్టులు, నిమిషానికో కారు. బదులు మనిషి ఎమెట్. చెయ్యెత్తడం చూసీ చూడనట్టు సిగరెట్టు ముట్టించి, "ఇంకో రెండు పోనియ్‌రా!" అని కేకేసేవాడు. లైనంతా నవ్వు. అందుకని కాజ్ జేబులో ఆకుపచ్చ మైనపు సుద్ద పెట్టుకున్నాడు. ఆపుకుంటూ బిగించిన ప్రతి కారు రేకు మీదా ఒక కొక్కెం గీసేవాడు. లైను చివర యూనియన్ మనిషి చూస్తాడని, ఫిర్యాదుకి రుజువుంటుందని. ఆ మహానుభావుడు ఒక్కనాడూ చూళ్ళేదు. ఓ రోజు పద్నాలుగు కొక్కేలు పడ్డాయి. పదిహేనో కారు దగ్గర ప్యాంటు తడిసింది. ఇంక అక్కణ్ణుంచి కార్ఖానాలో అతని పేరు 'పదిహేను'. వాండా పోయినప్పుడు కార్ఖానావాళ్ళు పంపిన పూల మీద కూడా 'పదిహేనుకి సానుభూతితో' అనే ఉంది.

అప్పుడా లైను మీద తయారైన పెద్ద ఇంజన్ల రెండు తలుపుల కార్లకి ఇప్పుడు పూజలు జరుగుతున్నాయి. రంగు ముట్టుకోకుండా, తుప్పు తుడవకుండా, కార్ఖానాలో పడ్డ ప్రతి గీతనీ దాచుకుంటున్నారు. పోయిన చలికాలం లైబ్రరీలో ఆ కార్ల సంఘంవాళ్ళ పుస్తకం కాజ్ కంటబడింది. కొక్కెం ఫోటో, కింద ఒకటే మాట: 'అర్థం తెలియదు.' దాని పక్కన తన పేరు పడాలి. అంతే అతని కోరిక. జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా పడని పేరు.

"నువ్వు చెప్పాల్రా ఎమెట్. ఆ లైనులో మిగిలింది నువ్వొక్కడివే," అన్నాడు కాజ్ దార్లో.

"చెప్తాలేరా బాబూ. పొద్దుట్నించీ పదోసారి!"

ఆ సంఘంవాళ్ళ పోటీకొచ్చిన కార్లన్నీ పార్కు గడ్డి మీద బానెట్లు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాయి. మార్కులేసే ఆవిడ లొరైన్ హెక్, తెల్ల గ్లవుజులు తొడుక్కుని, ఊదారంగు కారులోకి టార్చి వేసి చూస్తోంది. ఆ కారు ఆసామి గార్డన్ ప్రూయిట్ పక్కనే ఊదరగొడుతున్నాడు.

"ఈ కొక్కెం చూశారూ? రేసు పందేలకని కంపెనీ పెద్దవాళ్ళు స్వయంగా ఏరి గీసిన గుర్తమ్మా ఇది!"

కాజ్ గొంతు సవరించుకున్నాడు. "అది నేను గీసిందమ్మా."

"ఏంటి తాతా?"

"ఒంటేలు ఆపుకుంటూ గీశాను."

గుంపంతా గొల్లున నవ్వింది.

"ఎవడండీ ఈ ముసలాయన?" ప్రూయిట్ మొహం కందగడ్డయింది. "బంగారంలాంటి బండికి ఉచ్చ కథ అంటగడుతున్నాడు!"

లొరైన్ కాగితం, పెన్సిలు ఇచ్చింది. "ఏదీ, గీసి చూపించండి."

కాజ్ గీశాడు. కొక్కెం వానపాములా వచ్చింది. ఆవిడ భూతద్దం పెట్టి రెండూ చూసింది. "కార్లోది గట్టి చెయ్యి తాతా. కలవడం లేదు."

"ఎమెట్, నువ్వు చెప్పరా!"

ఎమెట్ పెదవి చివర కదిలింది. కాజ్‌కి ఆ కదలిక తెలుసు. సిగరెట్టు ముట్టించే ముందు అలాగే కదిలేది.

"ఈయనా? ఈయనెవరో నాకు తెలీదమ్మా. బస్సుస్టాపులో నిలబడుంటే జాలేసి ఎక్కించుకున్నా."

ప్రూయిట్ తొడ చరుచుకుని మరీ నవ్వాడు. లొరైన్ నవ్వలేదు. కాజ్ భుజం తట్టి, "ఎండగా ఉంది, కాసేపు నీడన కూచోండి," అంది. ఎవరో మడత కుర్చీ వాల్చారు.

ఎమెట్ వంగి చెవిలో అన్నాడు. "ఇంకో రెండు పోనియ్‌రా. తినడానికేదన్నా పట్టుకొచ్చి నిజం చెప్తాగా. వాళ్ళ మొహాలు చూశావా అసలు!"

తిండి దగ్గర బారు పెద్దదే. ఎమెట్ ఆ తమాషా వెనకవాడికి ఒకసారి, ముందువాడికి రెండుసార్లు చెప్పాడు.

కాజ్‌కి ఒంటేలొచ్చింది. మరుగుదొడ్లు మైదానం అవతల కనబడుతూనే ఉన్నాయి. లేవలేదు. ఎమెట్ రావాలిగా. నిలబడున్న కార్లనే వరసగా లెక్కపెట్టుకున్నాడు. ఊదాది, నారింజది, నల్లచారలది. ఏడు దాకా పెదవులు కదిలాయి.

"లేరా పదిహేనూ, పద, ఆ ప్రూయిట్‌గాడి పొగరు దించుదాం!"

కాజ్ గడ్డం చొక్కా మీదికి వాలిపోయుంది. ఎమెట్ చూపు అలవాటుగా ముందు ప్యాంటు మీదికే పోయింది. పొడిగానే ఉంది. "గెలిచావ్‌రా," అని నవ్వుతూ భుజం కుదిపాడు. తల పక్కకి వాలింది.

అంబులెన్సు కాజ్ శవంతో వెళ్ళాక ఎమెట్ లొరైన్ వెంటబడ్డాడు. "ఆ కొక్కెం వాడిదేనమ్మా. బదులు మనిషిని నేనే. ఒట్టు!"

"ఇందాక ఎవరో తెలీదన్నారు?"

"తమాషాకన్నాను."

"మరి ఇది తమాషా కాదని నాకెలా తెలుస్తుందండీ?"

చెడ్డ మనిషేం కాదావిడ. ఇంకా పదకొండు కార్లు చూడాలి. కాగితం మీద రాసుకుంది: 'కొక్కెం అసలైనదే. అర్థం తెలియదు.' సాయంత్రం ఊదారంగు కారుకి నీలం రిబ్బను కట్టారు. ప్రూయిట్ దాని పక్కన ఫోటో దిగాడు.

ఆ కుర్చీని మాత్రం ఎవరూ తియ్యలేదు. దాంట్లో ఎమెట్ తెచ్చిన కాగితం పొట్లం విప్పకుండానే ఉంది. లోపల హాట్‌డాగ్, ఉల్లిపాయ వద్దని చెప్పి, రొట్టె కాస్త మాడ్పించి, ఆవముద్ద ఒక పక్కనే రాయించింది, అచ్చం కాజ్ తినే పద్ధతిలో.