హేజెల్ వంతు

రోలండ్‌ది పశువుల సంతలో వేలం పాడే ఉద్యోగం. వారమంతా వేలం, వారాంతం గాలం అని తన మీద తానే జోకు వేసుకుని, ఎవరూ నవ్వకపోతే వాళ్ల వాటా కూడా తానే నవ్వేసే మనిషి. గొర్రెల అరుపుల మీద వినపడేలా ముప్పై ఏళ్లు అరిచిన గొంతు అది. ఏటి ఒడ్డున కూడా తగ్గేది కాదు.

"చేపలకి చెవుల్లేవు కాబట్టి సరిపోయింది. ఉంటే ఈపాటికి వార్ఫ్ నదంతా వలస పోయేది," అనేది భార్య హేజెల్.

"చెవులెందుకు పిల్లా? నా అందం చూసే పైకొస్తాయి."

"వచ్చి, చూసి, మునుగుతాయి."

ముప్పై రెండేళ్లుగా ఇద్దరికీ ఒకటే గాలపు కర్ర. రెండోది కొనలేక కాదు. పెళ్ళైన ఏడు పెట్టుకున్న నియమం అది. ఒకరు విసురుతుంటే ఇంకొకరు గట్టున కూర్చుని, చేప ఎక్కడ లేస్తోందో చూసి చెప్పాలి. చేపని పట్టినా, పోగొట్టుకున్నా కర్ర చేతులు మారుతుంది. అంతవరకూ, ఎంతసేపైనా సరే, అవతలివాళ్లు కర్ర అడగకూడదు.

నిరుటి నుంచీ హేజెల్ కుడిచెయ్యి వణుకుతోంది. ఇంకో ఏడాదికి ఆ చేత్తో సన్నపని కష్టమన్నాడు డాక్టరు. ఆ చేత్తోనే ఆమె చలికాలంలో కోడి ఈకలు ముందేసుకుని, గాలానికి ఎరగా ఒక దొంగ ఈగని కట్టింది. ఈక ఈగ కావడానికి మూడు సాయంత్రాలు పట్టింది.

"నా చేత్తో కట్టినదాంతో, నా చేత్తో ఒక్క మంచి చేప. ఆ తర్వాత కర్ర నీదే," అంది ఆ రోజు.

రోలండ్ ఆ మాటకి కూడా జోకు వెతికాడు. దొరకలేదు.

జూన్ మొదటి శనివారం, ఏటి మీదికి వంగిన ఆల్డర్ చెట్టు కొమ్మ కింద ఆ మంచి చేప కనిపించింది. పెన్షన్ తీసుకున్న పెద్దమనిషిలా తీరిగ్గా, నీటి మీద తేలివచ్చే ఈగల్ని ఒక్కొక్కటే మింగుతోంది. హేజెల్ రబ్బరు బూట్లతో మోకాలిలోతు నీళ్లలో దిగి విసిరింది. చెయ్యి వణికి దారం మెలికలు తిరిగింది, ఈగ రెండు గజాల ఇవతలే పడింది. మళ్ళీ విసిరింది. మళ్ళీ ఇవతలే. ఈగ తన వెనకాలే పడుతోంది కాబట్టి చేప బెదరలేదు. అలా రెండు గంటలు గడిచాయి.

గట్టున రోలండ్ తన చేతుల మీద తానే కూర్చున్నాడు. ఒకటోసారి, రెండోసారి అన్నాక మూడోసారి పడకపోతే ఊపిరాడని వృత్తి అతడిది.

"పిల్లా, గాలి మారుతోంది."

"మారనీ."

"ఇంకాస్త ఎడమకి..."

"రోలండ్!"

"నోరు మూశా. తాళం వేశా. తాళంచెవి ఏట్లో పారేశా."

హేజెల్ నవ్వింది. ఆ నవ్వులో విసిరిన విసురుకి దారం చిక్కుపడింది. ఆమె వేళ్లు ఆ ముడిని పట్టుకోలేకపోయాయి. రోలండ్ నీళ్లలోకి దిగి, కర్ర అందుకుని, ముడి విప్పాడు. ముడి విప్పడం వరకే అతడి పని. సరిగ్గా అప్పుడే కొమ్మ కింద చేప బుడుంగున లేచింది. అతడి చెయ్యి ఆమెని అడగలేదు, అతణ్ణీ అడగలేదు. ఒక్కటే విసురు. చేప ఈగని అందుకుంది.

"అమ్ముడుపోయింది!" అని లోయంతా దద్దరిల్లేలా అరిచాడు.

చిక్కంలోకి తీసుకున్నాడు. మూడు పౌన్ల ట్రౌట్ చేప. పెదవి చివర హేజెల్ కట్టిన ఈగ. తడిచేతులతో పట్టుకుని, ఈగని ఊడదీసి, ఎప్పటిలాగే మళ్ళీ ఏట్లోకి, ప్రవాహానికి ఎదురుగా పెట్టి వదిలాడు. మొహమంతా వెలిగించుకుని వెనక్కి తిరిగేసరికి, హేజెల్ రెండు చేతులూ ఖాళీగా వేలాడేసుకుని నీళ్లలో నిలబడి ఉంది.

"మంచి చేప," అంది. ఒడ్డెక్కి వెళ్ళిపోయింది.

వాళ్లు దిగిన సత్రంలో గుమ్మం పక్కన ఒక లావుపాటి పుస్తకం ఉంటుంది. బస చేసి గాలం వేసే ప్రతివాళ్లూ సాయంత్రం అందులో ఏ చేప, ఎంత బరువు, ఏ ఈగ, ఎవరు పట్టారు అన్నది రాయాలి. రోలండ్ రాశాడు. పేరు దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది. 'హేజెల్' అని రాసి, తన పెద్దమనసుకి తానే మురిసిపోయి, హాయిగా నిద్రపోయాడు.

ఆదివారం ఉదయం ఫలహారాల దగ్గర సత్రం యజమానురాలు మెట్‌కాఫ్ గారు హేజెల్ పళ్లెంలో సాసేజీ ఒకటి ఎక్కువ పెట్టారు.

"మూడు పౌన్లంట కదమ్మా! మా ఆయన ఈ ఏడు చూసిన పెద్ద చేప మా బాత్రూం గోడ మీద బొమ్మే!"

పక్క బల్ల మీదివాళ్లు చెంచాలతో కప్పులు మోగించారు. హేజెల్ చిన్నగా నవ్వి, గుడ్డు తినడం పూర్తిచేసింది. బయటికి వెళ్తూ పుస్తకం తెరిచి చూసి, మూసేసింది.

ఇద్దరూ ఏటి దాకా నడిచారు.

"వెళ్ళి ఆ పేరు కొట్టేస్తాను," అన్నాడు రోలండ్.

"కొట్టేసింది చాలు."

"నీకు సంతోషంగా ఉంటుందని..."

"రెండు గంటలు విసిరాను రోలండ్. పట్టలేకపోయాను. చేప సంగతి సరే, నీ చెయ్యి ఆగలేదు, నాకు తెలుసు. కానీ పట్టలేకపోయానన్నది నాది. దాంతో నేను ఏదో ఒకటి ఏడ్చుకునేదాన్ని. అదెందుకు తీసుకున్నావ్? ఇప్పుడు అందరి ముందూ చెయ్యని పనికి నవ్వాను."

రోలండ్ వెళ్ళి గట్టున తన చోట కూర్చున్నాడు.

ఒకసారి గాలం తగిలిన ట్రౌట్ రెండు మూడు రోజులు పైకి రాదు. ఇద్దరికీ తెలుసు. అయినా హేజెల్ కర్ర తీసుకుని, నిన్నటి చోటే నిలబడి విసరడం మొదలుపెట్టింది. పదకొండు దాటాక ఒక విసురు సరిగ్గా పడింది. చెట్టు మీంచి తనంతట తానే రాలినట్టు, కొమ్మకి మూరెడు ఎగువన ఈగ నీటి మీద వాలింది. కొమ్మ కింద నీడలోంచి, నిన్న చేప నోరు తెరిచిన చోటు మీంచి, నెమ్మదిగా తేలుతూ పోయింది. నిన్నైతే చేప దాన్ని తప్పకుండా అందుకునేది. ఆ సంగతి లోకంలో రోలండ్‌కి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

ఎండ నీటి మీద పడి కళ్లు చెదురుతున్నాయి. హేజెల్ వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ఏమైనా లేచిందా?"

నీళ్లు కాస్త కదిలాయని చెప్పొచ్చు. చిన్నదేదో ముక్కు పెట్టి చూసి పోయిందనొచ్చు. అలాంటి మాటలు అతడి దగ్గర సంచులకొద్దీ ఉన్నాయి.

"లేదు పిల్లా. ఏమీ లేవలేదు."

హేజెల్ తలాడించింది. దారం వెనక్కి లాక్కుని, మళ్ళీ విసిరింది.