లమీన్ తవ్విన బొరియ

సాల్హాకు ఫెనెక్ నక్కలంటే ప్రేమేమీ లేదు. ఆ ఏడాది ఆమె కోళ్లు పెట్టిన గుడ్లలో సగం ఆ చేటచెవుల చిట్టి నక్కలే తినేశాయి. అయినా తమ్ముడు లమీన్ పార భుజాన వేసుకుని రావడం చూడగానే, ఖర్జూరపు తోట వెనక ఇసుకదిబ్బ ఎక్కి, నక్కబొరియ నోటి మీద చతికిలబడింది.

పక్క తోట నాదే. నీళ్లు మళ్లిస్తూ అంతా చూశాను.

అక్కాతమ్ముళ్లకు మాటల్లేక అప్పటికి మూడేళ్లు. తండ్రి పోయిన వారానికే, అక్కకు చెప్పకుండా, ఆయన పెంచిన ఆడ ఒంటెను లమీన్ కసాయికి తోలేశాడు. అది చూలుతో ఉంది. ఇప్పుడేమో దూజ్ పట్నానికి పోయే రోడ్డు మీద టూరిస్టుల ఒళ్లో నక్కపిల్లను పెట్టి ఫోటోలు తీయిస్తున్నాడు. ఉన్న పిల్ల చచ్చింది. ఇంకొకటి కావాలి.

"లే అక్కణ్ణించి."

"లేవను. ఈ దిబ్బ మా నాన్నది."

"నాకూ నాన్నే."

"ఆ మాట ఒంటెకు చెప్పావట్రా, కత్తి కింద పెట్టేటప్పుడు?"

"నక్కల మీద ఇంత ప్రేమ ఎప్పట్నించే నీకు?"

"నక్కల మీద ప్రేమ లేదు. నువ్వంటే రోత. అది చాల్దా?"

లమీన్ ఆమె పాదాల పక్కనే పార దించాడు. తవ్వేకొద్దీ ఇసుక జారి ఆమె నడుం దాకా కూరుకుపోయింది. అతను ఆపలేదు. నేను కంచె దాటి పరుగెత్తేసరికి, బోర్లా పడుకుని భుజం దాకా చెయ్యి దూర్చి ఒక పిల్లను లాగాడు. గుప్పెడంత ఉంది. తల్లినక్క అవతలి కన్నంలోంచి దూకి, కీచుగా మొరుగుతూ మా చుట్టూ తిరిగింది.

"ముందు మనిషిని లాగవయ్యా!" అని అరిచాను.

"తనే కూర్చుంది, తనే లేస్తుంది." పిల్లను చొక్కాలో వేసుకుని వెళ్లిపోయాడు.

సాల్హాను చేతులతో తవ్వి బయటికి తీశాను. మడమ బెణికింది. ఆమె ఏడవలేదు. ఇంటికి వెళ్లి గొర్రెబొచ్చు కత్తెర తీసుకుని, కుంటుకుంటూ రోడ్డెక్కింది. నేనూ వెనకే వెళ్లాను.

టీకొట్టు ముందు లమీన్ పిల్ల మెడకు తాడు కట్టి ఒక విదేశీ ఆవిడ ఒళ్లో పెడుతున్నాడు. సాల్హా ఎవరినీ చూడలేదు. తాడు కత్తిరించి పిల్లను లాక్కుంది. లమీన్ అందరిముందూ అక్క చెంప పగలగొట్టాడు.

టీ తాగేవాళ్లంతా లేచి నిలబడ్డారు. కొట్టు ముసలాయన, లమీన్ కోసం పోసిన టీ ఇసుకలో ఒంపేశాడు. "పెద్దదాని మీద చెయ్యెత్తావు. ఇక నా గడప తొక్కకు," అన్నాడు.

సాల్హా చెంప కూడా తడుముకోలేదు. "నేను పోతే నా మట్టికి నువ్వు రావద్దు," అంది తమ్ముడితో.

పిల్లను అవతలి కన్నం దగ్గర వదిలి, దూరంగా కూర్చున్నాం. పొద్దు వాలాక తల్లి వచ్చింది. మెడ పట్టుకుని పిల్లను ఎత్తుకుని పెద్ద దిబ్బల్లోకి పోయింది. మిగతా పిల్లల్ని కూడా ఒక్కొక్కటిగా తరలించేసింది.

నిరుడు లమీన్ కూతురి పెళ్లికి పిలుపు తెచ్చారు. సాల్హా తలుపు తీయలేదు.