గుర్రం మాటెత్తితే వాన

మా ఊళ్ళో గుర్రం ఎలా ఉందని అడిగితే వానొచ్చేలా ఉందంటారు. పందేల ఊరు మరి. ఇక్కడ గుర్రం తుమ్మితే గోడలు వింటాయి, దగ్గితే పేపర్లో పడుతుంది. అందుకే మా పిల్లలు అమ్మా అనడం కన్నా ముందు వానా అనడం నేర్చుకుంటారు. నమ్మకపోతే మీ ఖర్మ.

పందేలు లేని రోజున పైఊరివాళ్ళకి పొద్దుపోవడానికి ఒక వ్యాను నడుస్తుంది. ముందు బొమ్మల గ్యాలరీ, తర్వాత పాత సినిమా హాల్లో మ్యాట్నీ. దారి చూపించేది నేను. కోతలు కోసేదీ నేనే.

ఆ శనివారం నేను బయల్దేరుతుంటే మా అమ్మాయి గుమ్మం దాకా వచ్చింది. దాని మొగుడు శాలలో మొండిఘటమనే గుర్రాన్ని చూసుకుంటాడు.

"నాన్నా, మొండిఘటానికి వెనక ఎడమ కాలు పట్టేసింది. అయినా రేపు పరిగెత్తించాల్సిందే అంటున్నాడట ట్రైనరు. మాట బయటికి పొక్కితే ఈయన ఉద్యోగం ఊడినట్టే. నీ నోటికి తాళం వేసుకో."

"నా నోరా? ఇనప్పెట్టె!"

"ఆ పెట్టెకి అడుగుభాగం లేదని అమ్మ ఎప్పుడూ అనేది."

వస్తూ వస్తూ శాల గోడ పక్కన నేనూ విన్నాను. టక్, టక్, టక్... ఉస్. నాలుగో కాలు నేలకి ఆనడం లేదు.

ఇక వ్యానులో అందరూ దొంగల్లాగే కనబడ్డారు. కొత్త జంటకి అన్ని గుసగుసలెందుకు? వెనక సీటువాడు సంచీని చంటిపిల్లాడిలా ఒళ్ళో పెట్టుకున్నాడెందుకు? ముందు సీట్లో కళ్ళద్దాలు తుడుచుకుంటున్న పెద్దావిడ ఒక్కతే నాకు మంచి మనిషిలా తోచింది.

గ్యాలరీలో గోడంత గుర్రప్పందెం బొమ్మ ఉంది. "దీన్ని గీసినాయన గుర్రాల కన్నా ముందు పరిగెత్తి, ఆగి కాస్త గీసి, మళ్ళీ పరిగెత్తేవాడు" అన్నాను. అందరూ నవ్వారు. సంచీవాడు మాత్రం బొమ్మ ఎదుట నిలబడి కళ్ళు మూసుకున్నాడు. టిక్కెట్టు కొని కళ్ళు మూసుకునేవాణ్ణి ఎక్కడైనా చూశారా?

కాసేపటికి నా పక్కన చేరాడు. "తాతగారూ, పొద్దున్నే గుర్రాల్ని ఏ దారిన నడిపిస్తారు?"

"వానొచ్చేలా ఉంది బాబూ."

"చూడక్కర్లేదండీ. నడక వింటే చాలు."

కాలి తేడా కంటికన్నా ముందు చెవికే తెలుస్తుంది. వీడెవడో ఆరితేరినవాడు!

హాల్లో వాణ్ణి అంటిపెట్టుకుని కూర్చున్నాను. తెరమీద గుర్రాలు దౌడు తీస్తుంటే వీడు మళ్ళీ కళ్ళు మూసుకుని తొడమీద వేళ్ళు ఆడిస్తున్నాడు. ఇంటర్వెల్లో ఆగలేక సంచీ పట్టుకున్నాను. "ఏముందయ్యా ఇందులో?"

రెండు కొబ్బరి చిప్పలు, ఒక పాత చెప్పు, ఇసక మూట.

"సినిమాలకి చప్పుళ్ళు చేస్తాను తాతగారూ. ఇందాకటి దౌడు నాదే" అని కుర్చీ చెక్కమీద చిప్పలు ఆడించాడు. హాలంతా గుర్రాలే! బయట సైకిల్ స్టాండువాడు హడలిపోయి దారి ఇచ్చాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పేది నేనే అనుకోండి.

గుండెల మీద బరువు దిగింది. దిగిందో లేదో, నోరు లేచింది.

"దౌడు ఎవడైనా చేస్తాడోయ్. మా అల్లుడి మొండిఘటం పొద్దున ఎలా నడిచిందో విను" అని చిప్పలు లాక్కున్నాను. టక్, టక్, టక్... ఉస్.

"నాలుగోది జారిందేమిటండీ?"

"అదే మరి, అచ్చం..." అప్పుడు తెలిసొచ్చి నాలిక కరుచుకున్నాను.

ముందు వరసలోంచి పెద్దావిడ వెనక్కి తిరిగింది. "వెనక ఎడమ కాలా?"

"వా... వానొచ్చేలా ఉందండీ."

"వారం నుంచీ మీ ట్రైనరు నాకూ వానే కురిపిస్తున్నాడు. ఆ గుర్రం నాది, మొండిఘటమని పేరు పెట్టింది నేను. చూస్తానంటే చూడనివ్వలేదు. అందుకే చెప్పకుండా వచ్చి మీ వ్యానెక్కాను."

నా చేతిలో చిప్పలు కిందపడ్డాయి. "అమ్మా, నోరు జారింది నాది. మా అల్లుడి పొట్ట కొట్టకండి."

"ఆ కాలితో పరిగెత్తితే గుర్రమూ పోయేది, మీదున్న మనిషీ పోయేవాడు" అంటూ ఆవిడ సగం సినిమాలోనే లేచి శాలకి వెళ్ళింది.

ఆదివారం మొండిఘటం పరిగెత్తలేదు. ట్రైనరు పెట్టె సర్దుకున్నాడు. మా అల్లుడి ఉద్యోగం నిలిచింది. ఇంట్లో నన్ను నెత్తిన పెట్టుకుంటారనుకున్నాను.

నిన్న నేను భోజనానికి వచ్చేసరికి అల్లుడు మా అమ్మాయికి ఏదో చెబుతున్నవాడల్లా టక్కున ఆపేశాడు.

"ఏమోయ్, కాలెలా ఉంది దానికి?" అన్నాను.

అల్లుడు కిటికీలోంచి చూశాడు. బయట ఎండ మండిపోతోంది.

"వానొచ్చేలా ఉంది మావయ్యగారూ."