ఇంట్లో అనకూడని మాట

కుడిచెయ్యి పైకి లేవడం లేదని అత్తయ్య అంటే, ఆ ఉదయం నేనే ఆమెకు తల దువ్వుతున్నాను. స్టవ్ మీద పాలు. పక్కగదిలోంచి "నా సాక్సులెక్కడ?" అని మా ఆయన కేక. జడ వేద్దామని జుట్టు పక్కకి తీస్తే, మెడ కింద చింతగింజంత గడ్డ గట్టిగా తగిలింది. నా వేళ్లు ఆగిపోయాయి. పద్దెనిమిదేళ్లుగా క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ వేళ్లు చేస్తున్న పని అదే, గడ్డలు తడిమి చూడడం.

పెళ్లయిన కొత్తలోనే మామయ్య ఖరాఖండిగా చెప్పారు, "నీ క్యాన్సర్ మాటలు ఆసుపత్రిలోనే వదిలేసి రా అమ్మా. ఇంట్లో ఆ పేరెత్తకూడదు." చెప్పులతో పాటు ఆ మాటనీ గుమ్మం బయటే విడవడం అలవాటు చేసుకున్నాను. పై శిక్షణకి రెండేళ్లు వేరే ఊళ్లో ఉండొస్తే, "పిల్లని ఎవరికొదిలి పోయింది?" అన్నారే తప్ప, ఏం నేర్చుకొచ్చావని ఒక్కరూ అడగలేదు. మా ఆయన అయితే నలుగురిలో "మా ఆవిడ, ఏదో ఆసుపత్రిలో చేస్తుంది" అనేవారు.

తలుపేసి అత్తయ్యని పరీక్షించాను. రొమ్ములో రాయిలాంటి గడ్డ.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఏడాది దాటింది."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా అత్తయ్యా! నేను చేసేది ఈ పనేగా!"

"ఇంట్లో అనకూడదన్నారు కదమ్మా," అంది చాలా మామూలుగా.

స్కాన్‌లో కాలేయం నిండా మచ్చలు, ఎముకల్లోనూ. ఆపరేషన్ దశ ఎప్పుడో దాటిపోయింది. ఆసుపత్రి వరండాలో అందరి ముందూ మా ఆయన అరిచారు, "ఇంట్లో డాక్టరుండి ఏం లాభం? ఒకే కప్పు కింద ఉండి కనిపెట్టలేకపోయావా?"

కొన్ని నెలలుగా ఆమె ఎడమచేత్తో గిన్నెలు దించుకోవడం నేను చూశాను. వయసు అనుకుని, బస్సు తప్పిపోతుందని పరిగెత్తాను. ఆ ఒక్కటీ నన్ను కొరుక్కు తింటోంది.

మామయ్య తేల్చేశారు, "ఆవిడకేం చెప్పొద్దు. నరాల నొప్పని చెప్పండి." అందరూ తలలూపారు. చూసే డాక్టర్ని నేనైనా, నన్నెవరూ అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం వార్డు గదిలో దుప్పటి సర్దుతుంటే అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. "కోడలిగా కాదు, డాక్టరుగా చెప్పు. నాకెన్నాళ్లుంది?"

ఆ ఇంట్లో నా చదువుని అడిగిన మొదటి ప్రశ్న అది. దానికి నా దగ్గర మందు లేదు.

మంచం మీద ఆమె పక్కనే కూర్చున్నాను. "నెలలే, అత్తయ్యా. నొప్పి తగ్గించగలను. అంతకు మించి నా చేతిలో లేదు."

ఆమె ఏడవలేదు. బయట మా ఆయన తలుపు తడుతున్నారు.

"కాసేపు ఎవర్నీ రానీకమ్మా," అంది.

లేచి వెళ్లి గడియ పెట్టాను.