మూత చెప్పిన లెక్క

మా పరిశోధనలో ఇచ్చే కొత్త హెచ్.ఐ.వి. మాత్రల డబ్బాకి మూత మహా తెలివైంది. తెరిచినప్పుడల్లా అందులోని చిప్ తేదీ, సమయం నమోదు చేసుకుంటుంది. తెరవకపోతే మందు వేసుకోనట్టే లెక్క. దీన్ని కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఇంట్లో దాచుకోవాల్సిన వస్తువు ఒక్కటీ లేనివాడై ఉండాలి.

నేను అక్కడ నర్సుని. చేరినవాళ్ళంతా దాదాపు మగవాళ్ళే. ఆడవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళలో ఒకావిడ బట్టలు కుడుతుంది. భర్త పోయాడు, అత్తగారితో ఒకే గదిలో ఉంటుంది. జబ్బు సంగతి అత్తగారికి తెలియదు. పాత మాత్రలు వేసుకుంటే తల తిరిగి, గుడ్డలో దిగాల్సిన సూది వేలిలో దిగేదట. కొత్త మందు మొదలెట్టాక ఆ బాధ లేదు. వచ్చిన ప్రతిసారీ చేతులు చూపించి, పని పెరిగిందని సంబరంగా చెప్పేది.

ఆ మూత ఆవిడ కొంప ముంచింది. కొన్ని నెలలయ్యాక చిప్ చూస్తే, నెలకి ఒక్కసారి తప్ప డబ్బా తెరిచిన పాపాన పోలేదు. మా డాక్టరుగారు చెడ్డవారు కాదు గానీ, కంప్యూటర్ చెప్పిందే ఆయనకి వేదం. ఆడవాళ్ళతో ఇదే వచ్చిన తంటా, మందు సరిగ్గా వేసుకోరు అనేశారు. నాకు ఒళ్ళు మండింది.

ఆవిణ్ణి పక్కగదిలో కూర్చోబెట్టి అడిగాను. దాచకుండా చెప్పింది. మా డబ్బా కదిలిస్తే గలగలమంటుంది. అత్తగారికి చూపు మందగించింది గానీ, చెవులు మాత్రం పాము చెవులు. అందుకని ఇంటికి వెళ్ళగానే మాత్రలన్నీ గుండీల డబ్బాలో పోసేస్తుంది. దర్జీ ఇంట్లో గుండీలు గలగలమంటే ఎవరికి అనుమానం? రోజూ పొద్దున్నే గుండీ వెతుకుతున్నట్టు వెతికి, ఒక మాత్ర నోట్లో వేసుకుంటుంది. మిగతా ఆడవాళ్ళని అడిగితే ఒకరిది పిండి డబ్బా, ఒకరిది దిండు గలీబు.

"మాత్ర వేసుకోమన్నారు, వేసుకున్నాను సిస్టర్. మూత కూడా రోజూ తియ్యాలని నాకెవరూ చెప్పలేదే" అంది.

నిజమే, చెప్పలేదు. చెబితే జనం మందు మింగకుండా ఊరికే మూత తీసి పెడతారని పైవాళ్ళ భయం.

నేను చెప్పింది విని డాక్టరుగారు ఆవిడకి నెత్తురు పరీక్ష చేయించారు. మందు ఒంట్లో నిండుగా ఉంది, వైరస్ పరీక్షకి అందనంతగా తగ్గింది. ఆ కాగితం పట్టుకుని పై ఆఫీసుకి ఫోన్ చేసి బతిమాలారు, చివరికి గొంతు కూడా పెంచారు. వాళ్ళు ససేమిరా అన్నారు. నియమం అందరికీ ఒకటేనట. మూత రోజూ తెరవనివాళ్ళ ఫలితాలు లెక్కలోకి రావట. ఆడవాళ్ళు దాదాపు అందరూ అలాగే పరిశోధనలోంచి ఎగిరిపోయారు. ఆవిడకి మళ్ళీ పాత మందే గతి అయింది. కొద్దిరోజులకే వేలికి కట్టుతో వచ్చింది. ఆ ముఖం చూడలేక నేను సర్దిన బీరువానే మళ్ళీ సర్దాను.

చాలాకాలానికి కొత్త మందు బజారులోకి వచ్చింది. కబురు తెలియగానే ఆవిడ కుట్టుపని సగంలో వదిలేసి వచ్చేసింది. డాక్టరుగారు తల ఎత్తకుండానే సంగతి చెప్పారు. ప్రస్తుతానికి మగవాళ్ళకే రాయమన్నారని, ఆడవాళ్ళకి పనిచేస్తుందనడానికి చాలినంత రుజువు దొరకలేదని, ఇంకో పరిశోధన జరిగేదాకా ఆగాలని.

ఆవిడ గొంతు పెంచలేదు.

"నాకు పనిచేసింది కదా సార్. మీరే పరీక్ష చేయించి చెప్పారు. మరి నేను ఆడదాన్ని కాదా?"

ఆయన చీటీ మీద పాత మందే రాశారు. లోపలికి వెళ్ళి, పాత మాత్రలు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను.