గుంట అడుగున తాబేలు

హుద్‌హుద్ తుపానుకు గుడి దూలం విరిగి వేణుగోపాలస్వామి మీద పడింది. వేణువు పట్టిన చెయ్యి తెగిపోయింది. భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదు, కొత్త స్వామిని ప్రతిష్ఠించాలన్నారు పంతులుగారు. రామతీర్థం దగ్గరి ఆ ఊరంతా కళ్ళొత్తుకుంది. చిన్నతల్లి మాత్రం మరొకటి తలచుకుంది. పాత స్వామిని లేపుతారు. కింద గుంట తెరుస్తారు.

ఆ గుంటలో బంగారు తాబేలుంటే ఆమె మొగుడు ఎర్రన్న దొంగ కాడు.

వయసులో ఉన్నప్పుడు ఆ పాత స్వామి ప్రతిష్ఠకు రాతిపని చేసింది అతనే. గుంటలో వెయ్యాల్సిన యంత్రం రేకు, నవరత్నాలు, బంగారు తాబేలు పళ్ళెంలో పెట్టి ధర్మకర్త షావుకారు అతని చేతికిచ్చాడు. ముహూర్తానికి జనం విరగబడ్డారు. స్వామి కూర్చున్నాక ఎవరో అడిగారు, తాబేలు వేస్తుంటే చూసిందెవరని. ఎవరూ చూడలేదు.

"బరువు మోసేది అందరికంటే అడుగునుండాల బాబూ. మా తాతల పద్దతి. ముందే ఇసక కింద పెట్టేసినాను. లేపి సూడండి" అన్నాడు ఎర్రన్న.

అష్టబంధనం లక్కతో పీఠానికి బిగించిన స్వామిని ఎవరు కదుపుతారు? దొంగన్నారు. ఆ వారమే అతను విజయనగరంలో రైలెక్కాడు. "సామిని లేపిన రోజున కబురెట్టు, వస్తాను" అన్నాడు. ఎక్కడికి పెట్టాలో చెప్పలేదు.

అప్పట్నుంచీ చిన్నతల్లిని పేరంటానికి పిలిచినవాళ్ళు లేరు. పొద్దుగూకితే కోళ్ళతో మాట్లాడుకునేది.

ఇవాళ గుడికీ పిలవలేదు. తనే వచ్చింది.

"మొగుడట్టుకుపోయిన తాబేలు నడిసొస్తాదని సూడ్డానికొచ్చినావేటే?" అంది పక్కింటి అసిరమ్మ. ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు.

గొలుసులు బిగిశాయి. స్వామి పెకిలి లేచాడు. షావుకారు కొడుకు చంద్రమౌళి గుంటలోకి టార్చి వేశాడు. యంత్రం రేకు, రత్నాలు, నల్లబడ్డ నాణేలు. అంతే.

"తీసి కడగండి" అన్నాడు.

చిన్నతల్లి గుంట అంచున కూలబడి చెయ్యి అడ్డం పెట్టింది. "ఇసక తియ్యండి బాబూ."

"ఏటి తీసేది? ముహూర్తం దాటిపోతన్నాది!" అన్నాడు గొలుసు పట్టుకున్నవాడొకడు.

"అడుగున పెట్టినానన్నాడు. అడుగు సూడకుండా దొంగెలాగయిపోతాడు? మీ నాన్న సూడలేదు. నువ్వయినా సూడు."

చంద్రమౌళి టార్చి పక్కన పెట్టాడు. పట్టుపంచె ఎగ్గట్టి, బోర్లా పడుకుని, మోచేతి దాకా ఇసకలోకి దూర్చాడు. చెయ్యి ఆగిపోయింది.

బయటికొచ్చిన గుప్పిట్లో చింతగింజంత తాబేలు. మెరుపు తగ్గలేదు.

చంద్రమౌళి దాన్ని ఆమె అరచేతిలో పెట్టాడు.

"అమ్మా, ఈసారి నీ సేత్తో పెట్టు. ఎర్రన్నకి కబురెట్టు. ఊరంతా ఎదురెల్లి తీసుకొద్దుం."

ఆమె వంగి తాబేలును అట్టడుగున పెట్టింది. ఇసక కప్పి, పసిపిల్లను జోకొట్టినట్టు తట్టింది. తల పైకెత్తింది.

"కబురెక్కడికని పెట్టమంటావు బాబూ?"

కొత్త స్వామి గొలుసుల మీద దిగుతున్నాడు. పక్కకు జరగమని అసిరమ్మే ఆమె చెయ్యి పట్టుకుంది.