బాయిలరు తాగే నీళ్ళు

షిఫ్టు దిగి గేటు దగ్గర సోదాకి వరసలో నిలబడ్డాం. అన్నయ్య నాకంటే ముందున్నాడు. వాచ్‌మన్ అతని క్యారేజీ అందుకుని, బరువు చూసి అనుమానంగా మూత తీశాడు. పొద్దున అన్నం తెచ్చుకున్న గిన్నెల్లో అంచుల దాకా నీళ్ళున్నాయి.

"ఏంటివి?" అన్నాడు కుర్చీలో కూర్చున్న సెక్యూరిటీ ఆఫీసరు.

"నీళ్ళు సార్."

"అది కనబడుతోంది. ఎక్కడివి?"

"ఫిల్టరు హౌసువి సార్. పాపకి విరేచనాలు ఆగట్లేదు. ఇంటి దగ్గర నీళ్ళు పట్టించాలంటే భయమేసి..."

ఆఫీసరు లేచాడు. ఒక్కో గిన్నే తీసి నేలమీద ఒంపేశాడు. అన్నయ్య చేతులు ముందుకు చాచి, పట్టుకోవడానికి ఏమీ లేక, అలాగే ఉండిపోయాడు. ఎండిన దుమ్ము ఆ నీళ్ళని చప్పుడు లేకుండా పీల్చుకుంది.

"కంపెనీ ఆస్తి దొంగతనం. రేపట్నుంచి నువ్వు పనిలోకి రానక్కర్లేదు."

ఇది చదివే మీలో మిల్లు పని చేసేవాళ్ళుంటారు, కాలేజీల్లో చదువుకునే పిల్లలుంటారు. నీళ్ళని దొంగతనం అనడమేంటని మీకు నవ్వు రావచ్చు. మాకు రాలేదు.

మాది అద్దకం మిల్లు. అన్నయ్య బాయిలరు దగ్గర పనిచేసేవాడు. నేనూ వదినా దారం చుట్టే సెక్షన్లో. బాయిలరుకి మామూలు నీళ్ళు పడవు. ఉప్పునీళ్ళు పోస్తే లోపల గొట్టాలకి ఉప్పు సున్నంలా పట్టేసి అవి పగిలిపోతాయి. అందుకే దానికోసం నీళ్ళు శుద్ధి చేసే ఫిల్టరు హౌసు కట్టారు. అక్కణ్ణుంచి ఒక పైపు బాయిలరుకి వెళ్తుంది, ఇంకోటి మేనేజరు బంగళాకి వెళ్తుంది. మేముండే ఇళ్ళ వరసలకి, మా లైన్లకి, ఏదీ రాదు. మా ఇళ్ళ వెనక ఒక కాలవ ఉంది. మిల్లు వదిలే రంగునీళ్ళూ, మా మరుగుదొడ్ల నీళ్ళూ అందులోనే కలుస్తాయి. దాని గట్టుమీదే మా బోరింగు.

మా లైన్లలో ఒకావిడ ఉంది. ఆవిడ గొంతు మిషన్ల చప్పుడుని కూడా దాటి వినబడుతుందని అందరం మైకు పిన్ని అంటాం. "మన పిల్లలకి బళ్ళో రంగులు నేర్పక్కర్లేదమ్మా, బిందె చూపిస్తే చాలు" అని నవ్వించేది. నిజంగానే కొన్ని రోజులు నీళ్ళు పచ్చగా వచ్చేవి, కొన్ని రోజులు నీలంగా వచ్చేవి. వడకట్టి తాగేవాళ్ళం. మరగబెట్టి తాగేవాళ్ళం. మరిగిస్తే రంగు ఇంకా చిక్కబడేది.

ఆ రోజు ఇంటికెళ్ళేసరికి వదిన గడప దగ్గర పాపని ఒళ్ళో వేసుకుని కూర్చుని ఉంది. పాపకి అప్పుడప్పుడే మాటలొస్తున్నాయి. పెదాలు ఎండి చారలు కట్టాయి. డిస్పెన్సరీలో కాంపౌండరు ఇచ్చిన పొడి పొట్లాలు పక్కనే ఉన్నాయి. వాటిమీద 'శుభ్రమైన నీళ్ళలో కలిపి పట్టించండి' అని అచ్చువేసి ఉంది.

"నీల్లు" అంది పాప.

వదిన అన్నయ్య చేతిలో ఖాళీ క్యారేజీ చూసింది. "ఇస్తే ఒక భయం. ఇవ్వకపోతే ఒక భయం. నన్నేం చెయ్యమంటారో మీరే చెప్పండి" అంది.

చివరికి బోరింగు నీళ్ళే మరగబెట్టి, చల్లార్చి, అందులోనే ఆ పొడి కలిపింది. పాప తాగింది, వెంటనే కక్కేసింది.

సంగతి లైన్లంతా పాకింది. చీకటి పడకుండానే బోరింగు దగ్గర జనం పోగయ్యారు. మేస్త్రీ మావయ్య కూడా వచ్చాడు. మాలో చాలామందిని మిల్లులో పెట్టించింది ఆయనే. ఆయన మాటంటే మాకు గౌరవం.

"మేనేజరుగారికి అర్జీ పెడదాం. పిల్ల సంగతి చెప్పి బతిమాలుదాం" అన్నాడు.

"పెడుతూనే ఉన్నావు కదయ్యా మేస్త్రీ! నీ అర్జీలతో ఆయన పొయ్యి రాజేసుకుంటున్నట్టున్నాడు" అంది మైకు పిన్ని.

"పని ఆపేద్దాం. అప్పుడు దిగొస్తారు" అన్నాడు అద్దకం తొట్ల దగ్గర పనిచేసే కుర్రాడొకడు.

"ఆపేసి? తిండెక్కడిదిరా? నీ స్థానంలోకి రావడానికి గేటు బయట ఎంతమంది కాచుకున్నారో ఎప్పుడైనా చూశావా?"

కుర్రాడు తల దించుకున్నాడు. మావయ్య చెప్పింది అబద్ధం కాదు. జనం గొణుక్కోవడం మొదలెట్టారు. కొందరు ఇళ్ళవైపు కదిలారు కూడా. అప్పుడు అన్నయ్య మాట్లాడాడు. మామూలుగా నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు.

"రోజూ బాయిలరుకి నీళ్ళు పట్టేది నేనే. ఉప్పు కాస్త ఎక్కువైతే మీటరు ముల్లు కదుల్తుంది. ఇంజనీరు చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా పరిగెత్తుకొస్తాడు. నా కూతురికి ఏ మీటరు పెట్టాలి? ఎవరొస్తారు?"

అంతలో వదిన పాపని భుజాన వేసుకుని వచ్చి జనం మధ్య నిలబడింది. "ఒక్కడు తెస్తే దొంగన్నారు. రేపు అందరూ తెండి. ఎంతమందిని దొంగలంటారో చూద్దాం" అంది.

మర్నాడు షిఫ్టు దిగే వేళకి ఫిల్టరు హౌసు ముందు క్యూ కట్టాం. క్యారేజీలు, చెంబులు, కూజాలు, చివరికి నూనె డబ్బాలు కూడా. అక్కడి ఆపరేటరు మాకేసి చూసి, పంపు తిప్పి వదిలేసి, గోడవైపు మొహం పెట్టుకుని కూర్చున్నాడు. నిండిన గిన్నెలతో గేటు దగ్గరికి నడిచాం. మేనేజరే స్వయంగా వచ్చి ఎదురు నిలబడ్డాడు.

"చూడండి, నాకూ పిల్లలున్నారు. కానీ ఇవి బాయిలరుకి ఉద్దేశించిన నీళ్ళు. బాయిలరు చెడితే మిల్లాగిపోతుంది. మిల్లాగితే నష్టపోయేది మీరే."

"బాయిలరు చెడితే మిల్లాగుతుంది, మేం చస్తే ఆగదు. అంతేగా సారూ మీరు చెప్పేది?" అంది మైకు పిన్ని. గేటు అవతల రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు కూడా ఆగి చూశారు.

సెక్యూరిటీ ఆఫీసరు సైగ చేశాడు. వాచ్‌మన్ పిన్ని చేతిలోంచి చెంబు లాక్కున్నాడు.

"ఒంపరా. నీ ఇల్లూ మా వరసలోనేగా. ఇంటికెళ్ళాక మీ అమ్మకి ఏం తాగిస్తావో ఆలోచించుకుని మరీ ఒంపు" అంది పిన్ని.

వాచ్‌మన్ చెంబులోకి చూశాడు. దాన్ని పిన్ని చేతుల్లోనే పెట్టేసి పక్కకి జరిగాడు. ఆ కాస్త సందులోంచే మేం గేటు మీద పడ్డాం. మిగతా గార్డులు లాఠీలతో విరుచుకుపడ్డారు. గిన్నెలు దొర్లాయి, చేతులు వాచాయి. తెచ్చిన నీళ్ళలో సగానికి పైగా గేటు దగ్గరే ఒలికిపోయాయి. నా గిన్నెలో అడుగున కొన్ని మిగిలాయి. రెండు చేతులతో మూత నొక్కిపట్టి ఇంటిదాకా పరిగెత్తాను.

వదిన పొడి కలిపి చెంచాతో పట్టించింది. పాప గుటక వేసింది. గుమ్మంలో నిలబడ్డ జనమంతా ఆ గొంతుకే కళ్ళప్పగించి చూశారు.

"ఇంకా" అంది పాప.

వాచిన చేతులు మర్చిపోయి అందరం నవ్వాం. అన్నయ్య ఏడ్చాడు. గెలిచామనే అనుకున్నాం.

కాసేపటికి పాప కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరు మంచివాడే, చెయ్యగలిగిందంతా చేశాడు. తెల్లారేసరికి పాప లేదు.

"మొదట్లోనే శుభ్రమైన నీళ్ళు పట్టించి ఉంటే బతికేదమ్మా. ఆ మాత్రం తెలీదా?" అన్నాడు.

"తెలుసు సార్" అంది వదిన.

పాపని పూడ్చిపెట్టి వచ్చేసరికి లైన్ల మొదట్లో పోలీసు జీపు ఆగి ఉంది. జనాన్ని రెచ్చగొట్టి కంపెనీ ఆస్తి దోచుకెళ్ళాడని అన్నయ్య మీద కేసు. అతని చేతులకి ఇంకా తడిమట్టి ఉంది.

"చేతులు కడుక్కుని వస్తాను సార్."

"స్టేషన్లో కడుక్కుందువుగాని, పద."

మేస్త్రీ మావయ్య చేతులు జోడించి ముందుకెళ్ళాడు. "కూతుర్ని మట్టిచేసి వస్తున్నాడు బాబూ. ఈ ఒక్కరోజుకి వదిలెయ్యండి. రేపు నేనే తీసుకొచ్చి అప్పజెప్తాను." ఎస్సై ఆయన్ని ఒక్క తోపు తోశాడు. ఆ వయసు మనిషి కాలవ గట్టు మీద వెల్లకిలా పడ్డాడు. మేం జీపుని చుట్టుముట్టాం. లాఠీలు మళ్ళీ లేచాయి. మైకు పిన్ని తల పగిలింది. జీపు మా మధ్యలోంచే దారి చేసుకుని వెళ్ళిపోయింది. దాని వెనక కొంతదూరం పరిగెత్తాం. తర్వాత ఆగిపోయాం. ఇంకేం చెయ్యాలో మాకు తెలీలేదు.

సాయంత్రానికి ఫిల్టరు హౌసు చుట్టూ ముళ్ళకంచె వేశారని కబురొచ్చింది. మళ్ళీ బోరింగు దగ్గర కూర్చున్నాం. తలకి గుడ్డ కట్టుకున్న మైకు పిన్ని గొంతు బొంగురుపోయి గుసగుసలాడింది. "ఏం చేద్దాం?" అని ఒకరంటే "ఏం చెయ్యగలం?" అని ఇంకొకరన్నారు. సమ్మె అన్న మాట ఎవరూ ఎత్తలేదు. ఏదీ తేల్చుకోకుండానే ఒక్కొక్కరం లేచి ఇళ్ళకి వెళ్ళిపోయాం. దాహమేసి అవే నీళ్ళు తాగాం. వేరేవి లేవు.

పొద్దున మిల్లు సైరన్ కూసింది. నేను గుమ్మంలో వదిన పక్కన కూర్చుని ఉన్నాను. లేచి తయారవాలని తెలుసు. లేవాలనిపించలేదు. ఎదురింటి గుమ్మంలోకి చూస్తే వాళ్ళూ కూర్చునే ఉన్నారు. పక్కింట్లోనూ అంతే. వరస పొడుగునా ఎవరి గుమ్మంలో వాళ్ళు, ఒకరికొకరు చెప్పుకోకుండానే, అలాగే కూర్చుని ఉన్నారు.

మేస్త్రీ మావయ్య ఒక్కడే పనిబట్టలు వేసుకుని, కుంటుకుంటూ బయటికొచ్చాడు. అందరం ఆయనకేసి చూశాం. ఇన్నేళ్ళలో ఆయన ఒక్కరోజు కూడా పని మానెయ్యలేదు. మా గుమ్మం దాకా వచ్చి ఆగాడు. సైరన్ రెండోసారి కూసింది. ఆయన మిల్లువైపు చూశాడు, వదినవైపు చూశాడు.

"వాణ్ణి ఎప్పుడు వదుల్తారో నాకు తెలీదమ్మా. ఈ నీళ్ళు ఎప్పటికి బాగుపడతాయో తెలీదు. ఇలా కూర్చుంటే ఏమొస్తుందో అదీ తెలీదు."

"నాకూ తెలీదు మావయ్యా" అంది వదిన. కాస్త జరిగి మెట్టు మీద చోటు చేసింది. "కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు.

సైరన్ మూడోసారి కూసింది. లైన్లలో ఎవరూ లేవలేదు.